రేడియో నాటకం – దేశమంతా గాభరా



రేడియోలో నాటకం వింటూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటే. నాటకం అయిపోగానే కొంగుతో కళ్ళు తుడుచుకుని పొయ్యిమీద పప్పు ఉడికిందో లేదో చూసుకుంటాం. అది నాటకమని మనకు తెలుసు కనక భయం లేదు. కానీ నాటకమని తెలియకుండా వింటే? ఊరికి పది మైళ్ళ దూరంలో ఎవరో దిగారనీ, ఎదుర్కోబోయిన సైన్యం నాశనమైపోయిందనీ, విషవాయువు మీ పేటవైపే వస్తోందనీ అనౌన్సరు వగరుస్తూ చెబుతుంటే ఏం చేస్తాం? పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెడతామా, లేక ఒక్క నిమిషం ఆగి, ఇది నిజమేనా అని ఆరా తీస్తామా?

అమెరికాలో సరిగ్గా ఇలాంటి పరీక్షే వచ్చింది. 1938వ సంవత్సరం అక్టోబరు 30వ తేదీ, ఆదివారం రాత్రి. ఆనాటి సంగతిని కథగా అల్లి, 1975 అక్టోబరు 31న అక్కడి ఏ.బి.సి. టెలివిజన్ వాళ్ళు ఒక చిత్రం చూపించారు. దాని పేరు ‘ది నైట్ దట్ పానిక్డ్ అమెరికా’. అంటే అమెరికాను హడలగొట్టిన రాత్రి అన్నమాట. దర్శకుడు జోసెఫ్ సార్జెంట్. కథ రాసినవారిలో నికొలస్ మేయర్ ఒకరు. ఒకపక్క స్టూడియోలో నాటకం ఎలా నడుస్తోందో, మరోపక్క ఆ నాటకాన్ని నిజమనుకున్న ఇళ్ళల్లో ఏం జరుగుతోందో మార్చి మార్చి చూపిస్తారు. విడిపోవడానికి సిద్ధపడ్డ భార్యాభర్తలు, యుద్ధంలో చేరతానని పట్టుబట్టిన కొడుకు, వద్దంటున్న తండ్రి, ఇలాంటివాళ్ళు అందులో ఉన్నారు. ఈ కుటుంబాలు కల్పితం. స్టూడియోలో జరిగిన కథకు మాత్రం ఆధారం ఉంది. ముందుగా అది చెప్పుకుందాం.

ఆ రోజుల్లో కొలంబియా అనే రేడియో సంస్థ ప్రతి ఆదివారం రాత్రి 8 గంటలకు న్యూయార్కు నుంచి ఒక గంటసేపు నాటకం ప్రసారం చేసేది. మెర్క్యురీ థియేటర్ అనే నాటక సమాజం వాళ్ళు వేసేవాళ్ళు. దాని పెద్ద ఆర్సన్ వెల్స్. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. ఆ వారానికి ఎంచుకున్నది ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అనే నవల. 1898లో పుస్తకంగా వచ్చిన ఈ నవల రాసినాయన ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్. పేర్లు ఒకేలా వినిపిస్తాయి గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. అంగారక గ్రహం నుంచి జీవులు భూమ్మీదికి దండెత్తి రావడం ఆ కథ. అంగారకుడంటే ఎవరో కాదు, పెళ్ళి సంబంధాలప్పుడు మనల్ని గాభరా పెట్టే కుజుడే!

నవలలో కథ ఇంగ్లండులో జరుగుతుంది, అదీ పాతకాలంలో. దాన్ని రేడియోకు అనువుగా మార్చే పని హోవార్డ్ కాక్ అనే రచయిత మీద పడింది. వారం రోజుల్లో రాసివ్వాలి. రిహార్సల్సు విన్నవాళ్ళు చప్పగా ఉందని పెదవి విరిచారట. అప్పుడు ఒక ఉపాయం తోచింది. కథను కథలా కాకుండా, అప్పుడే అందుతున్న వార్తల్లాగా చెబితే? అంగారకులు దిగే చోటుగా న్యూజెర్సీ రాష్ట్రంలోని గ్రోవర్స్ మిల్ అనే చిన్న పల్లెను పెట్టారు. కాక్ గారు కళ్ళు మూసుకుని రోడ్ల మ్యాపు మీద పెన్సిలు పెడితే అది ఆ పల్లె మీద పడిందని ఆయనే రాసుకున్నారు.

నాటకం ఎత్తుకోవడమే ఇది నాటకమని చెప్పి ఎత్తుకున్నారు. ఆ తరువాత వాతావరణ సమాచారం, ఒక హోటలు నుంచి డాన్సు సంగీతం. సంగీతం మధ్యలో ఆపి, అంగారకుడి మీద పేలుళ్ళు కనిపించాయని ఒక వార్త. మళ్ళీ సంగీతం. మళ్ళీ వార్త. తరువాత, గ్రోవర్స్ మిల్‌లో ఏదో పెద్ద లోహపు డబ్బా ఆకాశం నుంచి పడిందని! విలేఖరి అక్కడికి వెళతాడు. చుట్టూ జనం గోల, పోలీసుల కేకలు. డబ్బా మూత మెల్లిగా తిరుగుతుంది. లోపలినుంచి ఏదో పాకుతూ బయటికి వస్తుంది. మంటలు. విలేఖరి గొంతు హఠాత్తుగా ఆగిపోతుంది. కొన్ని క్షణాలు ఏమీ వినిపించదు.

మైకు ముందు కూర్చున్నవాళ్ళకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. రేడియోలో అన్నిటికంటే భయపెట్టేది కేక కాదు, నిశ్శబ్దం. మాట్లాడుతున్న మనిషి మధ్యలో ఆగిపోతే వినేవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. ఆర్సన్ వెల్స్‌కు ఆ రహస్యం తెలుసు. ఆ విలేఖరి వేషం వేసిన ఫ్రాంక్ రెడిక్ కూడా సామాన్యుడు కాదు. అంతకు ముందు ఏడాది, 1937 మే నెలలో, హిండెన్‌బర్గ్ అనే పెద్ద గాలి ఓడ అదే న్యూజెర్సీలో దిగబోతూ తగలబడిపోయింది. అది కళ్ళారా చూసిన రేడియో విలేఖరి ఏడుస్తూ చెప్పిన మాటలు రికార్డయి ఉన్నాయి. రెడిక్ ఆ రికార్డును పదేపదే విని, ఆ గొంతును పట్టుకున్నాడు.

చప్పుళ్ళ సంగతికొస్తే మనం గర్వపడవలసిన విషయం ఒకటుంది. కొలంబియా సంస్థలో శబ్దాల విభాగానికి పెద్ద ఓరా నికొల్స్ అనే ఒక స్త్రీ. కొబ్బరి చిప్పలతో గుర్రపు డెక్కల చప్పుడు చేయడం మన నాటకాల్లోనూ ఉన్నదే. అలాగే, ఆ లోహపు డబ్బా మూత తెరుచుకునే భయంకరమైన చప్పుడు ఎలా చేశారంటే, ఒక సీసా మూతను మరుగుదొడ్డిలో పెట్టి మెల్లిగా తిప్పారట! అక్కడైతే గోడలు చప్పుడును పెంచి గింగిరాలు తిప్పుతాయి కదా. మన వంటింటి హార్లిక్స్ సీసాకు కూడా అంత శక్తి ఉందన్నమాట. ఈ సంగతులన్నీ కళ్ళకు కట్టించిన టెలివిజన్ చిత్రానికి శబ్దాల కూర్పుకే ఎమ్మీ బహుమతి రావడం సబబుగానే ఉంది.

సరే, కుజుడి మీదనుంచి మనుషులు దిగారంటే చదువుకున్నవాళ్ళు ఎలా నమ్మారు అంటారా? దానికి కారణాలున్నాయి.

ఒకటి, ఆ రోజులు అలాంటివి. అంతకు నెల రోజుల ముందే యూరపులో హిట్లరు చెకొస్లొవేకియా మీద పడబోయి, ప్రపంచయుద్ధం గుమ్మందాకా వచ్చి మ్యూనిక్ ఒప్పందంతో ఆగింది. ఆ రోజుల్లో ఏ పాటకచేరీనైనా మధ్యలో ఆపి యుద్ధవార్తలు చెప్పేవారు. రేడియో ఆగిందంటే ఏదో ముంచుకొచ్చిందని జనానికి అలవాటైపోయింది. నమ్మినవాళ్ళలో చాలామంది అంగారకులు అన్న మాటే సరిగా వినలేదు. జర్మనులు దండెత్తి వచ్చారనో, విషవాయువు వదిలారనో అనుకున్నారు. భయం మనసులో ముందే ఉంది. నాటకం దానికి అగ్గిపుల్ల గీసింది.

రెండు, చాలామంది మొదటినుంచీ వినలేదు. అదే సమయానికి ఇంకో రేడియోలో మాట్లాడే బొమ్మతో ఒకాయన హాస్య కార్యక్రమం చేసేవాడు. అందరూ అదే వినేవారు. మధ్యలో పాట రాగానే కొందరు ముల్లు తిప్పారు. తిప్పేసరికి ఇక్కడ మంటలూ కేకలూ! ఇది నాటకమని మొదట్లో ఒకసారి, మధ్యలో విరామానికి ముందూ వెనకా, చివర ఒకసారి చెప్పారు. అయితే ఆ విరామం వచ్చేసరికి దాదాపు 40 నిమిషాలు గడిచాయి. భయపడ్డవాళ్ళు అప్పటికే రేడియో వదిలేశారు.

మూడు, పెద్దమనుషుల గొంతులు. శాస్త్రవేత్త, సైన్యాధికారి, మంత్రి ఒకరి తరువాత ఒకరు మాట్లాడతారు. ఆ మంత్రి గొంతు అచ్చం అధ్యక్షుడు రూజ్వెల్టు గారి గొంతులా ఉంటుంది. అధ్యక్షుణ్ణి అనుకరించకూడదని సంస్థవాళ్ళు ముందే ఆంక్ష పెట్టారు. నాటకంవాళ్ళు పేరు మార్చారు, గొంతు మాత్రం మార్చలేదు!

నాలుగోది కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగినట్టు, వాషింగ్టన్ రాష్ట్రంలో కాంక్రీట్ అనే చిన్న ఊళ్ళో నాటకం నడుస్తుండగానే కరెంటు పోయింది. చీకట్లో ఆ ఊరివాళ్ళ పాట్లు మీరే ఊహించుకోండి.

ఆ తరువాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తరపున హాడ్లీ కాంట్రిల్ అనే ఆచార్యుడు ఈ సంగతి మీద పరిశోధన చేసి 1940లో పుస్తకం వేశాడు. ఆయనకు సాయపడినవాళ్ళు ఇద్దరూ స్త్రీలే, హేజెల్ గాడెట్, హెర్టా హెర్జాగ్. ఈ హెర్జాగ్ గారు వియన్నాలో చదివిన మనస్తత్వ శాస్త్రవేత్త. గృహిణులు పగటిపూట రేడియో సీరియళ్ళు ఎందుకంత ఇష్టంగా వింటారో పరిశోధించింది కూడా ఆవిడే. ఏడుపుగొట్టు నాటకాలని నవ్వి ఊరుకోకుండా, ఆ వినేవాళ్ళనే కూర్చోబెట్టి అడిగింది.

ఆ పుస్తకంలో మనకు పనికివచ్చేది ఒకటుంది. భయపడనివాళ్ళు ఏం చేశారు? కొందరు ముల్లు తిప్పి వేరే స్టేషన్లు విన్నారు. అక్కడ పాటలు మామూలుగా వస్తున్నాయి. ప్రపంచం అంతమైపోతుంటే ఆ స్టేషన్‌వాళ్ళు పాటలు వేస్తారా? కొందరు పేపరు తీసి ఆ రాత్రి కార్యక్రమాల పట్టిక చూశారు. నాటకం పేరు అందులో అచ్చయి ఉంది. ఇంకొందరు కూర్చున్నచోటునుంచి కదలకుండానే లెక్క వేసుకున్నారు. విలేఖరి 11 మైళ్ళ దూరం 10 నిమిషాల్లో వచ్చానంటాడు. ఏడువేలమంది సైనికులు పోగవడం, యుద్ధం చేయడం, 120 మంది తప్ప అందరూ పోవడం, ఇదంతా అరగంట కూడా పట్టకుండా అయిపోయింది. మనింట్లో పెళ్ళివారు దిగితే కాఫీలు అందించడానికే అరగంట పడుతుంది!

మరి భయపడ్డవాళ్ళు? వాళ్ళలో కూడా కొందరు ఆరా తీశారండోయ్. కానీ తీసిన తీరు వేరు. ఒకరు కిటికీలోంచి చూస్తే వీధినిండా కార్లు. ‘అయ్యో, అందరూ పారిపోతున్నారు’ అనుకున్నారు. ఇంకొకరు చూస్తే వీధిలో ఒక్క కారూ లేదు. ‘రోడ్లు తెగిపోయినట్టున్నాయి, అందుకే ఎవరూ రావడం లేదు’ అనుకున్నారు. కార్లున్నా భయమే, లేకపోయినా భయమే! నమ్మాలని మనసు ముందే తీర్మానించుకుంటే కళ్ళు కూడా దానికే సాక్ష్యం చెబుతాయి. చీకట్లో తాడును పాము అనుకున్నాక అది కదిలినట్టు కూడా కనిపిస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మర్నాడు అమెరికా పేపర్లన్నిటా పెద్ద అక్షరాలతో ఇదే వార్త. జనం వీధుల్లో పడ్డారనీ, ఆసుపత్రులు నిండిపోయాయనీ, గుండెలాగి చచ్చారనీ, ఆత్మహత్యలు చేసుకోబోయారనీ రాశారు. దేశం దేశమంతా పిచ్చెత్తి పరుగెత్తిందన్న కథ అలా పుట్టింది. టెలివిజన్ చిత్రం ఆ కథనే ఇంకో తరానికి అందించింది.

తీరా లెక్కలు చూస్తే ఏముంది? ఆ రాత్రి హూపర్ అనే సర్వే సంస్థవాళ్ళు 5,000 ఇళ్ళకు ఫోను చేసి ఏ కార్యక్రమం వింటున్నారని అడిగారు. ఈ నాటకం వింటున్నామన్నవాళ్ళు నూటికి ఇద్దరు. మిగతావాళ్ళు వేరే ఏదో వింటున్నారు, లేదా అసలు రేడియోయే పెట్టలేదు. కాంట్రిల్ గారి పుస్తకం మాత్రం 60 లక్షలమంది విన్నారనీ, అందులో 12 లక్షలమంది దాకా కలవరపడ్డారనీ అంచనా కట్టింది. ఆ అంచనా నాటకం అయిన ఆరు వారాలకు జనాన్ని అడిగి వేసినది. అప్పటికి పేపర్లలో చదివి చదివి, తామూ విన్నామనుకున్నవాళ్ళు ఎందరో! పోనీ పరిశోధకులు విడిగా కూర్చుని మాట్లాడింది 135 మందితో. అందులో నూరుమందికి పైగా భయపడ్డవాళ్ళని తెలిసే ఏరి తెచ్చినవాళ్ళు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే అడిగి, ఊరంతా జ్వరమే అని తేల్చినట్టుంది. ఆ నాటకం వల్ల ఫలానావారు చనిపోయారని ఒక్కటీ రుజువు కాలేదు. భయపడ్డవాళ్ళు ఉన్నారు, అది నిజమే. స్టేషన్లకూ పోలీసులకూ ఫోన్లు వెల్లువెత్తాయి. కానీ చాలామంది ఫోను చేసింది ఇది నిజమా అని కనుక్కోవడానికి. అది పిచ్చి కాదు, వివేకం.

మరి పేపర్లు అంత గోరంతను కొండంత ఎందుకు చేశాయి? ఆ దశాబ్దంలో రేడియో వచ్చి పేపర్ల ప్రకటనల రాబడిని లాగేసుకుంది. రేడియోను నమ్మకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా? ఒక్కో ఊరి నుంచి ఒక్కో చిన్న కబురు వచ్చింది. అన్నిటినీ ఒకచోట కుట్టేసరికి దేశమంతా పరుగెత్తినట్టయింది. మన పెద్దవాళ్ళు చెప్పే కథ గుర్తుందా? ఒకాయన నల్లగా కాకి రంగులో వాంతి చేసుకున్నాడంటే, నాలుగిళ్ళు దాటేసరికి కాకుల గుంపే కక్కాడన్నారట! అంచేత ఆ రాత్రి పుట్టిన వదంతులు రెండు. అంగారకులు దిగారన్నది మొదటిది, గంటలో అబద్ధమని తేలిపోయింది. దేశమంతా పిచ్చెత్తి పరుగెత్తిందన్నది రెండోది. దాన్ని చదువుకున్నవాళ్ళు కూడా దశాబ్దాల తరబడి నమ్మారు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. నాటకం రాసిన కాక్ గారు ఆ రాత్రి అలసిపోయి పడుకున్నారు. మర్నాడు క్షవరానికి వెళుతుంటే దారిలో జనం ‘దండయాత్ర’, ‘గాభరా’ అని మాట్లాడుకోవడం చెవిన పడింది. హిట్లరు ఎక్కడో దండెత్తాడు కాబోలనుకుని ఆయనా కంగారుపడ్డారు. మంగలి నవ్వి పేపరు చూపిస్తే గానీ తెలియలేదు, ఆ దండయాత్ర తన కలంలోంచి వచ్చిందేనని! సగం మాట వింటే, రాసినవాడికైనా అంతే.

అయితే భయమంతా ఉత్తదేనని కొట్టిపారేయకండి. 1949 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు రాజధాని కీటోలో ఇదే నాటకాన్ని తమ ఊరి పేర్లతో వేశారు. అక్కడ జనం నిజంగానే వీధుల్లోకి వచ్చారు. ఇది నాటకమని తెలిశాక భయం కోపంగా మారింది. రేడియో స్టేషను ఉన్న పేపరు ఆఫీసు భవనానికి నిప్పుపెట్టారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నమ్మకంతో చెవి ఒగ్గినవాళ్ళను ఆట పట్టిస్తే ఎంతదాకా పోతుందో చూశారా!

ఇవాళ రేడియో స్థానంలో ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మన తెలుగు జిల్లాల్లో వాట్సాప్‌లో కబుర్లు పాకాయి. అవి నమ్మి, దారినపోయే అమాయకులను ముఠావాళ్ళనుకుని కొట్టి చంపారు. ఆ ఏడాది జూలైలో, ఒక కబురును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో వాట్సాప్ కంపెనీవాళ్ళు కట్టడి చేయవలసి వచ్చింది. ఆ కబుర్లు పంపినవాళ్ళు దుర్మార్గులు కారు. పిల్లల మీద ప్రేమతో, తోటి తల్లులు జాగ్రత్తపడాలనే పంపారు. అదే బాధ. మన ప్రేమే ఇంకొకరి పాలిట మృత్యువు కాకూడదు కదా.

అంచేత గుండె ఝల్లుమనే కబురేదైనా వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది మొదటినుంచీ విన్నానా, మధ్యలో అందుకున్నానా? ఈ సంగతి ఇంకోచోట కూడా చెబుతున్నారా? ఇక్కడొక్క మాట. అదే కబురు విన్న పక్కింటావిణ్ణి అడగడం రెండో సాక్ష్యం కాదు, మొదటిదే మళ్ళీ వినడం. జరిగిందంటున్నది జరగడానికి వేళా దూరమూ సరిపోతాయా? ఇది నేను నమ్మితే చెప్పినవాళ్ళకు ఏమైనా లాభముందా? ఈ నాలుగూ అడగడానికి కాఫీ కలిపినంతసేపు కూడా పట్టదు.

ఇంట్లో గాభరా మొదలైనా, సద్దుమణిగినా ముందుగా పిల్లలు చూసేది తల్లి ముఖం. ఆవిడ పరుగెత్తితే ఇల్లంతా పరుగెడుతుంది. ఆవిడ లేచి రేడియో ముల్లు ఇంకో స్టేషనుకు తిప్పి చూస్తే, పిల్లలు కూడా అదే నేర్చుకుంటారు. డబ్బు ఖర్చులేని ఈ చదువును మన పిల్లలకు మనమే చెబుదాం.